ఏ మూడు?

లెసోతో కొండల్లో చలికాలం.
పగలంతా గొర్రెల వెంట తిరిగిన పిల్లలు
పొద్దుగూకాక నా బడికొస్తారు,
కప్పుకున్న దుప్పట్లలో ఉన్ని వాసన, పొగ వాసన.
కిరసనాయిలు దీపం ఒకటి. బల్లల్లేవు.
పలకలకి బదులు ఏటి గులకరాళ్ళు.

"పదిలో మూడు పోతే?" అన్నాను.
మొహాపి లేచాడు. తొమ్మిదేళ్ళుంటాయేమో, వాడికీ తెలీదు.
"ఏ మూడు?" అన్నాడు.

నవ్వబోయి ఆగిపోయాను.
వాడికి మందంటే అంకె కాదు.
చెవి చీలినది, కుంటిది, మంచులో ఈనినదాని పిల్ల.
ఏది ఇంటికి రాలేదో చిమ్మచీకట్లోనూ చెప్తాడు,
ఎన్ని వచ్చాయో చెప్పలేడు.

ఏ మూడైనా ఒకటేరా అని
వాడిచేత ఒప్పించడానికి నెల పట్టింది.
ఆ నెలంతా
వాడి దగ్గర ఏదో లాక్కుంటున్నట్టే ఉండేది నాకు.

నిన్న రాత్రి అందరూ వెళ్ళాక
వాడొక్కడే దీపం దగ్గర కూర్చున్నాడు.
ఏడాది కాపలాకి పన్నెండు గొర్రెలని ఆసామి మాట.
పన్నెండు రాళ్ళు పరిచాడు.
చేతికొచ్చిన వాటిని ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి
పక్కకి జరిపాడు. తొమ్మిది.
మిగిలిన వాటి మీద అరచెయ్యి బోర్లించి
చాలాసేపు మాట్లాడలేదు.

"ఏ మూడు రా?" అన్నాను, ఉండబట్టలేక.
"వీటికి పేర్లు లేవు టీచర్,
నేనింకా చూళ్ళేదుగా."

రాళ్ళు జేబులో వేసుకుని
పెద్దవాళ్ళ రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ
దిగువన ఆసామి ఇంటి వెలుతురు వైపు వెళ్ళాడు.
గోనెపట్టా తలుపు ఎత్తిపట్టుకుని నిలబడ్డాను.
మంచులో అడుగుల చప్పుడు లేదు,
రాళ్ళ చప్పుడే.