వరుస నంబరు

ఉత్తరం వచ్చినప్పుడు నేను
నిడమనూరు దాటి కాలువ కింద మూడో మడిలో ఉన్న.
కట్టరుకు చుట్టుకున్న గడ్డిని వేళ్లతో పీకుతున్న.
ఫోను జేబుల రెండుసార్లు వణికింది.

మిమ్మల్ని మళ్లీ విధుల్లోకి పిలుస్తున్నాం.
ఏడు రోజుల్లో జవాబివ్వాలి.
ఇవ్వకుంటే మీ సీనియారిటీ నంబరు రద్దు.

పదకొండు వందల ఎనభై నాలుగు.
ఇరవై రెండు నెలలు ఆ అంకెను
ఇల్లు అమ్ముకున్నోడు తాళంచెవి దాసుకున్నట్టు
దాసుకున్న.

ఇంకో జేబుల ఇంకో జాబితా ఉంది,
ముత్తిలింగం వంకర రాత:
ఒకటి, కుక్కడం గోపయ్య, నాలుగెకరాలు, బయానా ముట్టింది.
తొమ్మిది, నాగుల్ మీరా, ఎకరంనర, పడిపోయిన వరి.
ఇరవై మూడు, జానమ్మ, రెండెకరాలు,
బయానా లేదు, మాట ఉంది.

కోత మిషను సగం నాది, సగం ముత్తిలింగానిది.
సేలం డ్రైవరు పెండ్లికని పోయి ఫోనెత్తుతలేడు.
"పో, నేను చూసుకుంట" అంటడు ముత్తిలింగం.
మోకాల్ల రాడ్డున్నోడు పెడలెట్ల తొక్కుతడు?

మొదట్ల ఇదీ ఒక కాక్‌పిట్టే అనుకునేటోణ్ని.
ఇప్పుడనుకోను.
అక్కడ నేల ముప్పై ఐదు వేల అడుగుల కింద,
మర్యాదగా, మ్యాపు లెక్క.
ఇక్కడ మోకాళ్ల కిందనే. చైను జారితే
పొద్దుగూకేదాక జాకీ, తిట్లు, బురద.
నూగు మెడల దిగి రాత్రంతా గీరుతది.

అయినా చేతులు మర్చిపోవు.
తొట్టి నిండి బీపు మోగంగనే
ఎడమ చెయ్యి తనంతట తనే
అక్కడ లేని థ్రాటిల్ దిక్కు పోతది.

ఊరోళ్లకు నేను మబ్బుల తిరిగొచ్చినోణ్ని.
"ఇమానం సారూ, ఇయ్యాల కురుస్తదా?"
దేవరకొండ దిక్కు లేచిన మబ్బు
దాకలి లెక్క తల పరుసుకుంటున్నది.
"రాత్రికి" అన్న.
అసొంటి మబ్బును ఒకప్పుడు
అరవై మైళ్లు చుట్టు తిరిగి తప్పించిన.
వరిని ఏ పక్కకు జరుపుత?

నిన్న ఫెర్నాండెజ్ నాసిక్ నుంచి ఫోన్ చేసిండు.
బ్యాంకుల పని చేస్తుండు, మూడు నెలల నోటీసు ఇయ్యాలె.
నా తర్వాతి నంబరు వానిది.
"నువ్వు పోకుంటే నీ నంబరు నాకొస్తది" అని నవ్విండు.
నవ్వు ఆగిపోయినంక కూడా
ఇద్దరం ఫోను పెట్టలే.

ఏడు రోజుల్ల నాలుగు పోయినయ్.
నలభై ఆరెకరాలు మిగిలింది.
మంచు ఆరేటాళ్లకు తొమ్మిదైతది,
పదునెక్కువుంటే కాంటాల గింజ తీసుకోరు.
పదకొండు రోజులు గడువడుగుదామని ఫారం తెరిచిన.
అండ్ల రెండే గళ్లు:
వస్తాను. రాను.
కోసి వస్తాను అనే గడి లేదు.

రాత్రి తొమ్మిదీ నలభైకి చెన్నై విమానం పోయింది.
ఎక్కుడు ఇంకా అయిపోలే, శబ్దంల తెలుస్తది.
ఎవరో కొత్త పిలగాడు కుడి సీట్ల కూసోని
మా మడి దీపాన్ని చూసి ఊరనుకొని ఉంటడు.

గాలి తిరిగింది.
వరుసల తొమ్మిది నాగుల్ మీరాది. ఆయనే అడ్డమొచ్చి
"నాది ఎట్లనూ పడ్డదే,
నిలబడ్డది కోయిండ్రి" అన్నడు.
ఇరవై మూడు ముందుకొచ్చింది.

రెండెకరాలు తీసినం.
మిషను మలగని మూలలు నాలుగు మిగిలినయ్.
జానమ్మ కొడవలి తీసి వంగింది.
"సారూ, లైటు గీ దిక్కు తిప్పు."

ఫోను సీటు మీద ఉంది,
తెర మీద నూగు, రెండు గళ్లూ ఖాళీ.
పడమట ఒకటే ఉరుము.
ఆమె మూడో మూలకు పోతున్నది,
నేను లైటు తిప్పుకుంట ఎన్కనే.