పదోవంతు

నవంబరు ఆఖరున పోయాడు సూర్యుడు.
ఆరేడు వారాలుగా ఇగ్లూలిక్ ఊరంతా
వీధిదీపాల కిందే బతుకుతోంది.
బడి వెనక జనరేటర్
రాత్రీ పగలూ గొణుగుతూనే ఉంది.

మా అమ్మమ్మ ఆర్నౌజుక్
బలపపురాతి దీపం ముందు కూర్చుంటుంది.
రాతిలో తొలిచిన అర్ధచంద్రం,
అంచు పొడుగునా పత్తిగడ్డి వత్తి,
వెనక సీల్ కొవ్వు నూనె.
పుల్లతో వత్తిని సర్దుతూ ఊపిరి బిగబడుతుంది.
మంట ఎక్కడా ఎగరకూడదు, పొగ రాకూడదు.

"ఈ నూనె ఎవరిదే?"
"మావయ్య ఇనూసిక్ తెచ్చిన సీల్‌ది."
"సీల్‌కెక్కడిది?"
"చేపది."
"చేపకి?"

తడుముకోలేదు నేను.
రెండు వసంతాలు మంచుకు తూట్లు పొడిచేవాళ్ళతో పనిచేశాను.
నాకంటే పొడుగైన మంచు కడ్డీని పైకి లాగితే
అడుగున రెండు వేళ్ళ మందాన గోధుమరంగు,
టీ ఒలికిన గుడ్డలా.
పాచి.
అంత మంచులోంచి వడగట్టుకుని దిగిన
చారెడు వెలుతురే దానికి తిండి.
చూరుకు తలకిందులుగా వేలాడే చేను అది.
గీరుకు తినేవి రొయ్యలాంటి పురుగులు,
వాటిని మింగేది నా అరచేతంత చేప,
చేప వెంట సీల్,
సీల్ ఊపిరి బిలం దగ్గర రెప్పవేయకుండా
ఎలుగో, మా మావయ్యో.

నోట్‌బుక్‌లో లెక్క రాయించారు.
పాచి పట్టింది పదివేలైతే
పురుగుకు దక్కేది వెయ్యి,
చేపకు వంద,
సీల్‌కు పది,
ఎలుగుకు ఒక్కటి.
'కాస్త అటూ ఇటూ' అని
కింద పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను.

అమ్మమ్మ నవ్వింది.
"మధ్యలో ఇంత తినేసే దళారీ ఎవరే?"

డిసెంబరులో చూశానా దళారీని.
మిట్టమధ్యాహ్నపు మసకలో
మావయ్య సీల్ పొట్ట చీల్చగానే
తెల్లగా లేచింది ఆవిరి.
మనిషెత్తున నిలబడింది కాసేపు,
తరవాత చుక్కల్లోకి నడిచిపోయింది.
మిగతావన్నీ అలాగే పోయి ఉంటాయి,
చేప తోక ఆడించిన ప్రతిసారీ కొంచెం,
బిలం పూడకుండా రాత్రంతా మంచు గీకిన
సీల్ గోళ్ళలోంచి కొంచెం.
కుక్కల నోళ్ళలోంచీ అదే ఆవిరి.
నా నోట్లోంచీ.

ఎముక తిరిగొస్తుంది.
నెత్తురు తాగిన మంచు వేసవికి కరిగి
మళ్ళీ ఆ పాచికే ఎరువవుతుంది.
వేడి మాత్రం వెనక్కి రాదు.
ఏటికేడు పైనుంచి కొత్తగా పడాల్సిందే.

అందుకే ఎలుగు ఒంటరి.
దాన్నే తిని బతికే మరో జంతువు లేదు,
ఆ ఒక్కటిలో పదోవంతుతో
ఏ కడుపు నిండుతుంది?
మేమున్నాం గానీ, మేమూ గుప్పెడుమందిమే.

"జనరేటర్‌లో డీజిల్ కూడా పాచేనట అమ్మమ్మా,
ఎప్పటి ఎండో, ఏ సముద్రపుదో."
"అందుకేనా దానికంత ముసలి గొణుగుడు!"

ఇవాళ మధ్యాహ్నం
దక్షిణాన సముద్రపు మంచు మీద
గోరంత ఎర్రటి అంచు.
పిల్లలు సగం మొహంతోనే నవ్వుతున్నారు,
రెండో సగం రాబోయే చలికి అట్టేపెట్టి.
పరుగున వచ్చి దీపం ఊదేశారు,
సూర్యుడొచ్చిన రోజున అది ఆచారం.
గదంతా కమురు వాసన.
ఎవరి కాలో నా కాలు తొక్కింది.
"కదలకండి," చీకట్లో అమ్మమ్మ,
"అగ్గిపెట్టె ఎక్కడో పెట్టాను."

గీసింది. రెండోది గీసింది.
వత్తి పొడుగునా పాకింది కొత్త మంట.
నూనె మాత్రం పాతదే,
పోయిన మే నెలలో
మంచు కింద గోధుమరంగుగా ఉన్నదే.