ఉప్పు లెక్క

నేను పగలు పడుకునే మనిషిని.
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ దిగి
జగదాంబ దగ్గర బస్సు పట్టుకుని
పెదజాలరిపేట పైవీధిలో మెట్లెక్కేసరికి
ఎండ నాకంటే ముందే మంచమెక్కి ఉంటుంది.
అందుకే కొన్నాను ఏసీ,
హుద్‌హుద్ వెళ్లిన మరుసటేడు, పీఎఫ్ లోను మీద.
ఇది దానికి పదకొండో వేసవి.

బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో దాని జాతకం:
గ్యాసు. గ్యాసు. కెపాసిటర్.
బోర్డు, ఆరువేల రెండొందలు, అప్పు సిస్టర్ రూతమ్మ దగ్గర.
మళ్లీ గ్యాసు.
చీర తీసినప్పుడల్లా చదువుతాను
మంచం కొసకి వేలాడే కేసు షీటులా.

మొన్న దాలినాయుడు వచ్చాడు.
సంచీలోంచి గేజి తియ్యకుండానే
కిటికీలోంచి చెయ్యి చాపి కాయిలు మీద వేలు పెట్టాడు.
రేకులు పొడిపొడిగా రాలాయి,
పొయ్యి ఎరగని బూడిద.

"ఉప్పుగాలి మేడమ్.
మాధవధారలో ఇదే బండి పదిహేనేళ్లు ఆడతాది.
ఇక్కడ ఏడాదిని ఏడాదిన్నరగా లెక్కెయ్యాల."
"మార్చెయ్యమంటావా?"
"నేను సెప్పను. గ్యాసు కొడితే మూడువేలు,
వినాయక చవితి దాకా లాగుతాది.
కాయిలు మారిస్తే పద్దెనిమిది. కొత్తది నలభై.
రిపేరు సగానికి దగ్గరైతే వద్దంటారు మా షాపులో.
మా ఇంట్లో ఏటంటారో తెలీదు,
మా ఇంట్లో ఏసీ లేదు."

ఈ లెక్క నాకు కొత్త కాదు.
వార్డులో పెద్ద డాక్టర్లు "చూద్దాం" అంటారు.
ఆ మాట ఖరీదు ఎంతో
ఏ బిల్లులోనూ పడదు.
ఇదీ అంతే: కరెంటు బిందెలతో తాగి
చల్లదనం చెంచాతో పోస్తోంది రెండేళ్లుగా.
అయినా అన్నాను, "గ్యాసు కొట్టెయ్. ఈ ఒక్క వేసవికి."
పోయిన వేసవీ ఇదే అన్నానని
బీరువా తలుపుకి తెలుసు.

దాలినాయుడు నడుం దాకా కిటికీ బయటికి వంగాడు.
చాలాసేపు మాట లేదు.
"గ్యాసు సంగతి ఒగ్గెయ్యండి. ఇలా రండి."

స్టాండు ఎడమ కొమ్ము
టీలో ముంచిన బిస్కట్టులా ఉంది.
నాలుగు బోల్టుల్లో రెండు లేవు.
మిగతా బరువంతా అలవాటు మీద నిలబడి ఉంది.
కింద పారమ్మ ఇడ్లీ బండి, నీలం టార్పాలిన్,
దాని మీద ఎర్రెర్రని చుక్కలు.
మూడో అంతస్తువాళ్ల కిళ్లీ ఉమ్మనుకున్నాను వాటిని.
ఉగాది ముందు దెబ్బలాడాను కూడా.

అక్కడితో ఆగిపోయింది నలభైవేల లెక్క.
ముప్పై కిలోల ఇనుము, ఇరవై అడుగుల ఎత్తు,
కింద ప్లేట్లు పట్టుకున్న ముగ్గురు బడిపిల్లలు.
"పారమ్మా, బండి పక్కకి లాగు!"
"ఇప్పుడే పిండి పోసినాను, ఆరు నిమిషాలాగు తల్లీ."
పిల్లల్ని మాత్రం అవతలి అరుగెక్కించింది, తను కదల్లేదు.
ఆరు నిమిషాలూ
దాలినాయుడు పైపు పట్టుకుని, నేను దాలినాయుడి బెల్టు పట్టుకుని.
ఏమీ పడలేదు.
ఇడ్లీలు దిగాయి. బండి కదిలింది.

కంచరపాలెం పాతసామాన్లాయన కాటా వేసి
"రెండు కిలోలు తరుగుందమ్మా" అన్నాడు,
సముద్రం వైపు గడ్డం చూపించి.

కొత్తది చప్పుడు చెయ్యదు.
మొదటి పగలు నిద్ర పట్టలేదు.
పాతదాని రేకు టకటకలోనే
ఇన్నాళ్లూ పడుకున్నానని అప్పుడు తెలిసింది.
లేచి బీరువా తెరిచాను.
పాత వరస కింద అడ్డంగా గీత గీసి,
తేదీ వేసి రాశాను:
కొత్తది. స్టీలు బోల్టులు.
ఏటా ముందు స్టాండు, తర్వాతే గ్యాసు.

మూడో అంతస్తుకి పావుకిలో పూతరేకులు పట్టుకెళ్లాలి.
అది రాయలేదు.