రెండో అంతస్తులో, కుక్కర్ల పక్కన

కింద బియ్యం, కందిపప్పు, చీపుళ్లు.
మొదటి మేడలో చీరలు.
ఆ పైన ప్రెషర్ కుక్కర్లకీ ప్లాస్టిక్ బిందెలకీ మధ్యన
మూత తెరిచి నిలబెట్టిన లాప్‌టాప్,
మెడలో పసుపు కాగితం:
పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
అప్పటిదాకా మిక్సీలు చూపించిన కుర్రాడే వచ్చి
"ఎత్తి చూడండమ్మా, తమలపాకు" అన్నాడు.
"రామ్ ఎంతండీ?" అని మా కెజియా అడిగితే
అట్టపెట్టె అటూ ఇటూ తిప్పి
"సరిపడా ఉందమ్మా" అన్నాడు.

సరిపడా.

నరసాపురంలో నలభై ఏళ్లుగా లేసు అల్లుతున్నదాన్ని.
పోగు రెండు వేళ్ల మధ్య లాగి
ఎన్నో నంబరు దారమో కళ్లు మూసుకుని చెబుతాను.
పంటు రేవులో విలసని పులసని అంటగట్టబోతే
పొలుసు మెరుపు చూసి పొమ్మంటాను.
ఈ నల్లపలకని ఎటు లాగి చూడాలి?
మూత మీద గోటితో కొట్టాను.
బోలుగా మోగింది.
కొన్నాను.

ఎందుకంటే సోమవారం లోపు కాలేజీ ఫారం ఎక్కించాలి.
మంచిదానికి ఇంకో పదిహేను వేలు కావాలి.
పదిహేను వేలంటే ఎన్ని టేబుల్ గుడ్డలో
లెక్క మొదలెట్టి
మధ్యలోనే ఆపేశాను.

ఒక నెల బుద్ధిగానే ఉంది.
తర్వాత మీట నొక్కి, ఎసరు పెట్టి,
బియ్యం కడిగి వచ్చేసరికి
చుక్కలింకా గుండ్రంగా తిరుగుతుండేవి.
మూడో నెల తనంతట తానే ఏదో కొత్తది దించుకుంటానని,
చోటు చాలదని,
పిల్ల రాసుకున్న నోట్సులు చెరిపేయమంది,
రాత్రికి దిగిన చుట్టం
మన మంచం బయట వేయమన్నట్టు.

బస్టాండు వెనక గన్నియ్య వీపు విప్పి చూపించాడు.
అగ్గిపెట్టంత పచ్చ బిళ్ల. మిగతాదంతా గాలి.
"రామ్ వేద్దామంటే గాడి లేదక్కా, బోర్డుకే అతికించేశారు.
స్టోరేజీ కూడా అంతే.
ఇదే డబ్బుకి ఆఫీసోళ్లు మూడేళ్లు వాడి వదిలేసిన గట్టిది
నేనే ఇద్దును.
చూడ్డానికి ఇటుకలా ఉంటది, కానీ విప్పొచ్చు.
విప్పగలిగేదే కొనాలక్కా."

మా అమ్మ దారం గురించి ఇదే చెప్పేది.
తప్పు పడితే విప్పి మళ్లీ అల్లాలి,
విప్పుతుంటే తెగేది దారం కాదని.

కుర్రాడి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను.
రాలేదు.
పోయినేడు ఏజెంటు "రేటు తగ్గింది,
పువ్వుకి రెండు వరసలు తగ్గించి గంజి దట్టంగా పెట్టండి,
దూరానికి తెలీదు" అంటే
అల్లి ఇచ్చాను, అరవై.
ఎక్కడో ఎవరో మొదటిసారి ఉతికి
చేతిలో నీరుగారిన గుడ్డ పట్టుకుని
సరిపడా అనుకునే ఉంటుంది.

కెజియాకి మాత్రం అలవాటైపోయింది.
ఒక కిటికీ మూసి ఇంకోటి తెరుస్తుంది.
తెల్లారగట్ల, పెట్టె వేడెక్కకముందే చదువుతుంది.
ఉప్పు గాలికి ఎడమ మడతబందు బిగుసుకుపోయింది,
మూత వేస్తే కీచుమంటుంది.
దాని మీద నేను ఒక లేసు గుడ్డ కప్పాను:
ముడి తప్పిందని ఏజెంటు తిప్పి పంపింది,
పదకొండు రోజుల పని.

నిన్న ఎదురింటి సత్తెవేణి వచ్చింది.
ఫోనులో అదే పసుపు కాగితం.
"కొనొచ్చా వదినా?"
వద్దనడానికి నోరు తెరిచి
"ఎప్పటికి కావాలి?" అన్నాను.
"శుక్రవారానికి."
గన్నియ్య నంబరు కలిపిచ్చాను.
మోగుతోంది, ఎత్తడం లేదు.
ఇద్దరం మెట్ల మీద కూచుని
ఆ మోగడం వింటున్నాం.