నాలుగు రోజులు మెస్సు లేదు

చీటీ పాట ఈసారి నాకొచ్చింది.
కర్నూలు రోడ్డు షాపులోళ్ళు అడిగారు,
మెస్సుకి ఏసీ పెట్టిస్తావా అక్కా అని.
ఒసాకా పోతన్నా అన్నాను.
ఎవురూ నవ్వలేదు. అదేదో ఆసుపత్రి అనుకున్నారు.

ఇరవై ఆరేళ్ళు.
తెల్లారుజామున నాలుగింటికి పొయ్యి, రాత్రి పదకొండుకి గిన్నెలు.
ఈ మధ్యలో ఇంకొకరు వండి నాకు వడ్డించింది
రెండు పెళ్ళిళ్ళలో, ఒక దినంలో.
అందుకే ఊరు ఎంచటానికి ఎక్కువసేపు పట్టలేదు.
ఆ దేశానికంతా వంటిల్లు ఆ ఊరేనంట.
"వంటింట్లోంచి వంటింట్లోకేనా పోయేది?"
చేప పొలుసు గీకుతా అంటది మస్తాన్‌బీ.
అవునే. కాకపోతే ఈసారి
గడపకి అవతల కూచుంటా.

మధ్యాహ్నం మూడింటికి, ఆఖరి బంతి లేచాక,
పాలప్యాకెట్ల లెక్క పుస్తకం వెనకనించి తెరుస్తాం.
ఆమె మనవడు సుభాని ఫోన్లో చూసి చదువుతాడు.
మొదటిరోజు: దిగటం, పడుకోటం.
నిద్రకి ఒక రోజు తగలేస్తామా, కొట్టెయ్ అన్నాను.
మొదటిరోజు: దిగటం, కాలవ గట్టు, రాత్రి లైట్లు,
ఇనప పెనం గుంతల్లో ఉండలు తిప్పే బండ్లు.
"ఇయ్యి మన గుంతపొంగణాలే గదే!"
అవే. లోపల మాత్రం ఆక్టోపస్ ముక్క.
కొత్తపట్నంలో వలకి తగిలితే
తిట్టుకుంటా విదిలించే జంతువు.
మస్తాన్‌బీ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది.
"ముందు ఉప్పేసి పిసకాలి దీన్ని, జిగురు పోయేదాకా."
జన్మలో కోసింది లేదు.
సుభాని వెతికాడు. నిజమే.

రెండోరోజు చేపల బజారు, మూడోరోజు కోట.
ఇక్కడొచ్చింది పేచీ.
టికెట్టు చవగ్గా ఉన్న వారంలో
రెండోరోజు శనివారం.
మాలకొండ నరసింహుడు వారానికి ఒక్కరోజే తలుపు తీస్తాడు,
ఆ ఒక్కరోజూ నీసుకి నా నోరు మూత.
ఆమెకేమో పంది తగలగూడదు, నూనెలో గూడా.
సుభాని చదివాడు: పులుసుల్లో పంది ఎముకలు.
ఇంకా చదివాడు: ఉత్త ముల్లంగి ఉడకేసినా
ఆ నీళ్ళు ఎండుచేపవే.
ఇద్దరం ఆకలితో కోట చుట్టూ తిరిగేట్టున్నాం అన్నాను.
"తిరుగుదాం. నీకు ప్రదక్షిణ, నాకు రోజా."
బజారు ఆదివారానికి జరిపాం.
శనివారానికి కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ,
అక్కడ కొనే తెల్లన్నం.
చేతులు కడుక్కోటానికి చెంబు ఉంటదో లేదో,
అది ఇంకా తేలలేదు.

పాస్‌పోర్టు విచారణకొచ్చిన కానిస్టేబులు మనోడే,
మూడొందల నలభై బాకీ.
"వృత్తి గృహిణి అని పడిందేందమ్మా?"
దిద్దించు అన్నాను.
"ఏమని?"
నెలనెలా నువ్వు ఎవరికి బాకీ పడతన్నావో అదే రాయమన్నాను.
నవ్వాడు. బాకీ మాత్రం కట్టలేదు.

సుభాని మూడు మాటలు నేర్పాడు:
దణ్ణం, ఎంత, బాగుంది.
'చాలు' గూడా చెప్పనా అవ్వా అన్నాడు.
వద్దు నాయనా.
రోజుకి నూటయాభై మంది నోట వింటన్నా ఆ మాట,
చాలమ్మా, చాలక్కా, చాలు చాలు,
గరిట గాల్లోనే ఆగిపోద్ది.
అంతగా కావాల్సొస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెడతా.
"వాళ్ళకి ఆకులుండవే."
గిన్నె మీద పెడతాలే.

ఇంకా నెలన్నర ఉంది. అయినా
బలపం తీసుకుని బోర్డు మీద రాశాను:
పదిహేడో తేదీ నించి నాలుగు రోజులు మెస్సు లేదు.
కారణం రాయలేదు.
పొద్దున చూస్తే దాని కింద
ఏ బ్యాంకు కుర్రాడో, వంకర అక్షరాలతో,
'ఆరోగ్యం జాగర్త అక్కా.'