కల్వంలో క్రేను

బతూమీలో బొమ్మ వేయాలంటే
ముందు వానని అడగాలి.
గురువారం సాయంత్రం ఆరింటికి
మూతపడ్డ టీ గోదాము మేడ మీద
మేం నలుగురం, ఒక్కోసారి ఐదుగురం,
ఒక కిరసనాయిలు పొయ్యి,
ఎంతకీ ఆరని నీటిరంగులు.
ఉద్యోగాల్లో చేతులకి పట్టిన తుప్పు
వదిలించుకోడానికే ఈ మెట్లన్నీ ఎక్కుతున్నామని
త్సియాలా అంటుంది.

త్సియాలా పళ్ళ డాక్టరు.
పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి చూసి చూసి
సాయంత్రం సముద్రాన్ని కూడా
'ఇంకొంచెం తెరువు' అన్నట్టే చూస్తుంది.
ఆయిల్ పాస్టెల్ దట్టంగా పులిమి
పాత పంటి కొక్కెంతో గీకుతుంది.
అలలు అలా బయటపడతాయి, సన్నగా, తెల్లగా.
నాకు దవడ జివ్వుమంటుంది.

గోచా బస్సు నడుపుతాడు. అతనిది ఒకటే బొమ్మ:
అద్దం మీద వాన, అద్దం వెనక ఎవరో.
బొగ్గుతో వేశాడు, ఇంకుతో వేశాడు,
ఈమధ్య కాఫీ మడ్డితో వేస్తున్నాడు.
ఆ ఎవరో ఎవరని మేం అడగం.

నేనా? మందుల కొట్టుదాన్ని.
నాకు మెత్తటి పాస్టెల్ అంటే ఇష్టం,
దానికి నేనంటే కాదు.
కమలాపండు వేస్తే గుమ్మడికాయ,
గుమ్మడికాయ వేస్తే సూర్యాస్తమయం.
మెచ్చుకునేవాళ్ళని సరిదిద్దడం మానేశాను.

ఇక ముర్మాన్.
ముప్పై ఒక్కేళ్ళు రేవులో క్రేను నడిపిన చేతులు.
పాస్టెల్ కడ్డీ పట్టుకుంటే
పటుక్కున విరుగుతుంది, ప్రతిసారీ.
'ఇరవై టన్నులు ఎత్తినవాణ్ణి,
గుడ్ల పెట్టెలు దించినా ఒక్క గుడ్డు పగల్లేదు,
ఈ సుద్దముక్క ముందు నా ఆటలు సాగట్లేదు' అంటాడు.
ముక్కలన్నీ ఓ సీసాలో దాస్తాడు.
అతని బొమ్మలకన్నా ఆ సీసాయే బాగుంటుందని
అందరం అనుకుంటాం, పైకి అనం.

మార్చిలో ఆ క్రేనుని కోసేశారు.
రెండు రోజులు నిప్పురవ్వలు సముద్రంలో రాలాయి.
ఆ గురువారం అతను రాలేదు.
తర్వాతి గురువారం వచ్చి
జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.
లోపల తుప్పు.
'మెడ దగ్గర గీకాను' అన్నాడు,
ఏదో మనిషి సంగతి చెప్పినట్టు.

'నీ దగ్గర కల్వం ఉందిగా, ఇనేజా.'

ఉంది. మా తాత నాటిది.
కొట్టు ముందరి అద్దంలో అలంకారానికి కూర్చుంది.
నలభై ఏళ్ళుగా అందులో ఎవరూ ఏమీ నూరలేదు.
నేను నూరాను.
ముందు గరగర, తర్వాత సరసర,
ఆపైన చప్పుడే లేదు.
గోచా చెర్రీ చెట్టు బంక తెచ్చాడు,
నేను ఒక చుక్క తేనె వేశాను,
'లవంగ నూనె పడితే బూజు పట్టదు' అంది త్సియాలా, సంచి వెతుక్కుంటూ.
ఆ రాత్రంతా మా మేడ
పంటినొప్పి వాసన వేసింది.

ముర్మాన్ కుంచె ముంచాడు.
క్రేనుతోనే క్రేనుని వేస్తాడనుకున్నాం.
మాలో ఎవరమైనా అదే వేసేవాళ్ళం.
అతను ఒక చిన్న కిటికీ వేశాడు.
అందులోంచి కిందికి
ఓడ డెక్కు, తాడు చుట్ట,
టోపీ తీసి తల గోక్కునే మనిషి,
అంతా పైనుంచి, అంతా చీమంత.
కుంచె విరగలేదు.
'నాకు క్రేను కనపడిందెప్పుడు?
నేను దాని లోపల ఉన్నా కదా' అన్నాడు.

కాగితం ఆరడానికి ఆదివారం దాకా పట్టింది.
ఈలోగా ఆకాశం కాస్త డెక్కు మీదికి జారింది.
ఉండనీ అన్నాడు.

కల్వం మూడుసార్లు కడిగాను.
అడుగున సన్నటి పగులులో
ఎర్రగీత ఒకటి ఉండిపోయింది.
కొట్టుకొచ్చినవాళ్ళు అదేం మందని అడుగుతారు.
దగ్గుకి, అంటాను.