ముందు చక్రాలకి ఎప్పుడు తెలుస్తుంది

మార్చి రెండోవారం, సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డు.
మంచు ఇంకా పోలేదు, బురద అప్పుడే వచ్చేసింది.
అయిలీ కోస్కెలా మా షాపులోకి నడిచొచ్చింది,
బూట్లకి మేపుల్ తోట మట్టి,
చేతిలో మా కరపత్రం, నాలుగు మడతలు.

పక్కపక్క సీట్ల బండి అది. మూడు మెట్లలో దొరుకుతుంది.
కింది మెట్టు: ఇంజను, సీట్లు, చక్రాలు. కప్పు కూడా లేదు.
నడిమి మెట్టు: పవర్ స్టీరింగ్, వించ్, సగం అద్దం.
పై మెట్టు: తలుపులు, హీటర్, స్పీకర్లు,
దారి చూపే తెర, రాగిరంగు రిమ్ములు.
నా కమీషన్ కూడా ఆ మెట్టు మీదే కూర్చుంటుంది,
దాచడమెందుకు.

పైనుంచే మొదలుపెట్టాను.
నాకు నేర్పింది అదే: ముందు మేడ చూపించు,
తర్వాత నేల ఎవరికీ నచ్చదు.
ఆమె విన్నది. సీటు కుట్టుని వేలితో తడిమింది.
తలుపు తీసి వేసి
చప్పుడు బాగుందని కూడా అంది.
అప్పుడడిగింది:
"వెనక చక్రాలు జారుతున్నాయని
ముందు చక్రాలకి ఎప్పుడు తెలుస్తుంది?"

పదకొండేళ్లుగా అమ్ముతున్నాను.
ధర అడిగారు, వాయిదాలు అడిగారు,
ఎరుపు ఉందా అన్నారు.
ఇది ఎవరూ అడగలేదు.

"మీట ఒకసారి నొక్కి మరిచిపోండి.
వెనకవి జారగానే ముందువి అందుకుంటాయి."
"జారగానే," అంది ఆమె,
నాణేన్ని కొరికి చూసినట్టు ఆ మాటని కొరికి.
"జారక ముందు కాదన్నమాట.
సరే, ఎక్కేటప్పుడు జారితే ఆగిపోతాం.
దిగేటప్పుడో?"

వాళ్ల తోట ఏటవాలు. అడుగున వాగు.
మేపుల్ రసం నిండిన ట్యాంకు వెనకనుంచి తోస్తుంటే
పోయినేడు రెయినో బండి
ఆగకుండా వాగుదాకా వెళ్లింది.
మూడు పక్కటెముకలు, అంది.
లెక్క చెప్పినట్టు చెప్పింది, అంతే.

షాపు వెనక, మంచు తోసిపోసిన దిబ్బ పక్కన, ఒక వాలు ఉంది.
డ్రమ్ము నీళ్లతో నింపి బండి వెనక కట్టాను.
ఎందుకు కట్టానో నాకే తెలీదు,
ఆరోజు ఇంకెవరూ రాలేదు, అదొకటి.

మొదటిది ఎక్కింది, అర చుట్టు తడబడి.
దిగేటప్పుడు వెనక చక్రాలు ఒంటరిగా పళ్లు బిగించాయి,
ముందువి చుట్టపుచూపుగా దొర్లుకుంటూ పోయాయి.
నా గుండె గొంతులోకొచ్చింది. కంచె మూడడుగుల్లో.

రెండోది వేరే రకం.
మీట నొక్కితే నాలుగూ ఒకే మాట మీద ఉంటాయి.
ఇంకో మీట ముందు డిఫరెన్షియల్‌ని బిగిస్తుంది,
అప్పుడు స్టీరింగ్ ఎద్దులా మొండికేస్తుంది,
మలుపుకి పొలమంత చోటు కావాలి.
ఈ రకం కింది మెట్టులోనూ వస్తుంది.
కరపత్రంలో ఆ ముక్క
చివరి పేజీలో, చీమలంత అక్షరాల్లో ఉంది.
ఆమె అక్కడ పెన్సిలుతో గీత గీసుకొచ్చింది.

మెల్లగా దిగింది. ఆగమన్నచోట ఆగింది.

"వానొస్తే?" అన్నాను.
"తడుస్తాను."
"చలికి?"
"కోటుంది."
"స్టీరింగ్ బరువు..."
ఇక్కడ ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది.
చాలాసేపు చూసుకుంది.
డెబ్భై దగ్గరపడ్డ చెయ్యి,
బకెట్లు మోసి మోసి వేళ్ల కణుపులు ముళ్లుపడ్డ చెయ్యి.
నడిమి మెట్టు ధర మళ్లీ అడిగింది.
కరపత్రం మడిచింది. విప్పింది.
"వద్దులే. బరువైతే మెల్లగా పోతాను.
అదీ మంచిదే."

సంతకం పెట్టబోతూ ఆగి,
"హార్న్ ఉందా దీనికి?"
కింది మెట్టుకి హార్న్ ఉండదు.
రెయినో రంపపు మిల్లులో నలభై ఏళ్లు చేశాడట,
ఇంజను చప్పుడు ఆయనకిప్పుడు వినపడదు.
"నేను దిగానని తెలియాలి కదా."

హార్న్ నేనే బిగించాను, డబ్బులు రాయలేదు.
ఆమె నొక్కి చూస్తే
షాపులో కాఫీ ఒలికింది.

మర్నాడు ఒక కుర్రాడొచ్చి ఎరుపు ఉందా అన్నాడు.
ఉందన్నాను. పై మెట్టు నుంచే మొదలుపెట్టాను,
మానేశానని చెబితే అబద్ధం.
కానీ వెనక ఆ డ్రమ్ము
ఇంకా ఖాళీ చెయ్యలేదు.